ఆరడుగుల నేల కొఱకు: కలహారి సాన్ ప్రజల నిన్న, నేడు

బోట్స్వానా దేశమున 2021వ సంవత్సరాంతమున ఒక వృద్ధుడు మరణించెను. కలహారి నడుమనున్న తన పూర్వుల గడ్డమీదనే తన్ను పూడ్చిపెట్టవలెనని ఆయన కోరిక. కుటుంబమువారు ఆ కోరికను చెల్లింపబూనిరి. ప్రభుత్వము అడ్డుపడినది. ఆ భూమి వన్యమృగ రక్షిత ప్రాంతమనియు, అందు నివసించు హక్కు ఆయనకు లేదనియు, కావున ఖననమునకును హక్కు లేదనియు అధికారుల వాదము. 2022లో న్యాయస్థానములు ఆ వాదమునే అంగీకరించినవి. బంధువులు వేరొక చోట పాతిపెట్టుటకు ఒప్పుకొనలేదు. శవము శవాగారమున ఉండిపోయినది. ఒక ఏడు గడచినది, రెండేండ్లు గడచినవి, మూడవ ఏడును దాదాపు నిండవచ్చినది. 2024 చివర ఎన్నికలలో ప్రభుత్వము మారిన పిమ్మట గాని ఆ వృద్ధునకు తన ఊరి మట్టి దక్కలేదు.

ఎంత ఏలినవానికైనను తుదకు కావలసినది ఆరడుగుల నేలయే యని మన పెద్దలు చెప్పుదురు. ఆ ఆరడుగులకై మూడేండ్లు వేచిన యీ మనిషి పరదేశి కాడు, ఆక్రమణదారుడు కాడు. ఆఫ్రికా దక్షిణ భాగమున అందరికంటె ముందునుండి ఉన్న సాన్ ప్రజలలో ఒకడు. వారి సంగతి పత్రికలలో వచ్చినపుడెల్ల రెండు మాటలలో ఒకటి వినబడును. వారు మారకుండ మిగిలిపోయిన ఆదిమానవులనునది మొదటి మాట. వారిని త్వరగా అందరివలె మార్చివేయవలెననునది రెండవ మాట. పైకి ఒకదానికొకటి విరుద్ధములుగా కనబడు ఈ రెండు మాటలలోను ఒకే లోపము కలదు. మారుటయా, మానుటయా అను నిర్ణయమును సాన్ ప్రజల చేతిలో నుంచుటకు రెండును ఒప్పుకొనవు.

పేరులోనే చిక్కు

లక్షకు పైబడిన సాన్ ప్రజలు నేడు ముఖ్యముగా బోట్స్వానా, నమీబియా దేశములలోను, కొలదిమంది దక్షిణాఫ్రికా, అంగోలా, జాంబియా, జింబాబ్వేలలోను నివసించుచున్నారు. వీరందరికి కలిపి తమ భాషలలో ఒక్క పేరు లేదు. జుహోవాన్సి, గ్వి, గానా, నారో, ఖోమనీ, హైఓమ్ మొదలగునవి వారు తమకు తాము చెప్పుకొను పేర్లు. డచ్చి వలసదారులు వీరిని పొదలలోని మనుషులనిరి. ఆంగ్లేయులు ఆ మాటనే తర్జుమా చేసి బుష్‌మెన్ అనిరి. బోట్స్వానాలో బసార్వా అందురు. సాన్ అను పేరును పశువుల మేపుకొని బ్రదుకు పొరుగు ఖోయ్ఖోయ్ జాతివారు పెట్టినది. పశువులు లేక అడవిమీద ఏరుకొని తినువారను చిన్నచూపు అందులో లేకపోలేదు. ఒకరు పెట్టిన పేర్లలో తక్కువ అవమానకరమైన దానిని ఎంచుకొనవలసి రావడమే వారి స్థితిని చెప్పక చెప్పుచున్నది.

వారి భాషలు మూడు వేర్వేరు కుటుంబములకు చెందినవి. అన్నిటను నాలుకతో చిటుక్కుమనిపించు హల్లులు కలవు. జాలి చూపునపుడు మన స్త్రీలు నాలుకను పండ్లకు తాకించి చేయు చప్పుడును, బండి తోలువాడు ఎడ్లను అదలించుటకు బుగ్గ ప్రక్కనుండి చేయు చప్పుడును మనకు తెలిసినవే. మనకవి భాషకు వెలుపలి ధ్వనులు. వారికవి క, చ, ట, త, ప లవలె అక్షరములు. తా అను ఒక్క భాషలోనే నూటికి మించిన హల్లులున్నవని భాషాశాస్త్రవేత్తలు లెక్కించిరి. ఇట్టి భాషలను విని, "ఇవి పక్షుల కూతలు" అని ఎగతాళి చేసిన వలసదారులకు వాటిని పలుకుట చేతకాలేదని వేరుగ చెప్పనక్కరలేదు.

వీరి ప్రాచీనతను గూర్చి సందేహము లేదు. మానవజాతి వంశవృక్షమున మొట్టమొదట వేరుపడిన కొమ్మలలో వీరిదొకటి యని జన్యుశాస్త్రము తేల్చినది. దక్షిణాఫ్రికా సరిహద్దునగల బోర్డర్ గుహలో దొరకిన ఎముక మొనలు, నిప్పుకోడి గ్రుడ్డుపెంకు పూసలు, విషము పూయు పుల్ల మొదలగునవి సుమారు 44,000 ఏండ్లనాటివనియు, ఇటీవలి సాన్ పనిముట్లను పోలియున్నవనియు 2012లో పరిశోధకులు ప్రకటించిరి. బోట్స్వానాలోని త్సోడిలో కొండలమీద 4,500కు పైగా చిత్రములు కలవు. డ్రాకెన్స్‌బర్గ్ కొండల గుహలలో సాన్ చిత్రకారులు గీసిన ఇలండ్ లేడులు నేటికిని సజీవములవలె కనబడును. అయితే పనిముట్లు పాతవైనంత మాత్రమున మనుషులు పాతవారు కారు. నాగలి వేల యేండ్ల నాటిదని మన రైతును ప్రాచీన మానవుడని ఎవరును అనరు గదా.

ఇసుకలో సంసారము

కలహారిని ఎడారి యనుట వాడుక. నిజమునకు అది గడ్డి, ముండ్లపొదలు, అక్కడక్కడ చెట్లు గల ఇసుక మైదానము. వాన కురిసిన కొద్ది వారములు తప్ప నేలమీద నీరు నిలువదు. అట్టిచోట బ్రదుకుటకు బలముకంటె ఎరుక ముఖ్యము. త్సామ్మా అను అడవి పుచ్చకాయలు, నీరూరు దుంపలు దాహము తీర్చును. ఇసుక క్రింద తడి తగులుచోట గుంటత్రవ్వి, పొడవైన గొట్టపు పుల్లతో నోటితో నీటిని పైకి పీల్చి, నిప్పుకోడి గ్రుడ్డు పెంకులలో నింపి దాచుకొందురు. ఏ తీగ ఎండిన తరువాత దాని క్రింద దుంప ఉండునో గుర్తుంచుకొనవలెను. ఈ పాఠమంతయు పిల్లలు తల్లుల వెంట నడచుచునే నేర్చుకొందురు.

వేటయనగానే మగవాడు, విల్లు, అమ్ము కన్నులకు కట్టును. కాని కుటుంబమును నిలబెట్టునది స్త్రీలు ఏరి తెచ్చు తిండియే. 1963 నుండి ఉత్తర కలహారిలోని డోబే ప్రాంతమున జుహోవాన్సి ప్రజలతో నివసించి పరిశోధించిన రిచర్డు లీ, వారి ఆహారములో చాల పెద్ద భాగము కాయలు, దుంపలు, పండ్లేనని తూచి చూపెను. మొంగోంగో చెట్టు కాయల పప్పు వారికి ప్రధానాహారము. తిండి సంపాదనకు పెద్దలు వారమునకు సగటున రెండున్నర దినములకు మించి వెచ్చించుట లేదని ఆయన లెక్క. 1964లో బోట్స్వానాలో గొప్ప కరవు వచ్చినది. పశువులు పోగొట్టుకొన్న పొరుగు హెరెరో స్త్రీలు సాన్ స్త్రీల వెంట కాయలేరుటకు వచ్చిరి. వేటాడి ఏరుకొనువాడు ఎల్లప్పుడు ఆకలితో అలమటించుననెడి పాత నమ్మకము దీనితో తలక్రిందులైనది.

ఈ లెక్కకు తరువాత సవరణలును వచ్చినవి. వంట, కట్టెలు, పనిముట్ల తయారీ కలిపినచో పనిగంటలు మఱింత పెరుగునని లీ గారే చూపెను. సాన్ ప్రజలు ఎన్నడును ఒంటరిగా లేరనియు, శతాబ్దములుగా పశుపాలకులతో వర్తకము, కూలి సంబంధములు కలవారనియు, వారి పేదరికము ఆ సంబంధములనుండి పుట్టినదే యనియు 1989లో ఎడ్విన్ విల్మ్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు గట్టిగా వాదించెను. వివాదము నేటికిని పూర్తిగా తీరలేదు. కాని ఒక్క విషయమున ఉభయులకును భేదము లేదు: సాన్ ప్రజలు చరిత్రకు వెలుపల ఉన్నవారు కారు.

విల్లు చిన్నది, బాణము తేలిక. బలమంతయు విషములో ఉన్నది. నేలలోనుండి త్రవ్వి తీసిన ఒకజాతి పెంకుపురుగు పిల్లలను నలిపి ఆ విషమును తీయుదురు. బాణపు మొనకు గాక, మొన వెనుక కాడకు పూయుదురు; పొరపాటున చేయి గీరుకొనినచో ప్రాణాపాయము గదా. దెబ్బతిన్న మృగము వెంటనే పడదు. గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు మరునాటివరకును అడుగుజాడలు పట్టి పోవలెను. విరిగిన గడ్డిపోచను చూచి, ఇది ఎప్పుడు విరిగినది, గాయపడిన జంతువు ఏ కాలుమీద బరువు వేయుచున్నది అని చదువువాడే వేటగాడు. అక్షరము రానివాడని లోకమనుకొను ఆ మనిషి నేలనే పుస్తకముగా చదువును.

గర్వమునకు విరుగుడు

వేటకంటెను అబ్బురమైనది మాంసమును పంచుకొను పద్ధతి. జుహోవాన్సి ఆచారము ప్రకారము జంతువు చంపినవానిది కాదు. ఏ బాణము తగిలినదో ఆ బాణపు సొంతదారునిది. బాణములను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొందురు గనుక, ఇంటివద్ద కూర్చున్న ముసలివాడును, ఒక్కొక్కప్పుడు స్త్రీయును, పంపకపు పెద్ద కావచ్చును. వేటగాడు ఎంత పెద్ద మృగమును కొట్టినను, "ఏదో చిన్నది దొరకినది" అని తలవంచుకొని చెప్పవలెను. తక్కినవారు దానిని చూచి, "ఈ ఎముకల మూటకా ఇంతదూరము నడిపించితివి" అని ఎకసక్కెములాడవలెను.

ఈ సంగతి తెలియక రిచర్డు లీ ఒకసారి తెల్లబోయెను. క్రిస్‌మస్ పండుగకు తన యాతిథేయులకు బహుమానముగా ఆ ప్రాంతమున దొరకిన మిక్కిలి బలిసిన ఎద్దును ఆయన కొనెను. చూచినవారెల్ల ముసలి గొడ్డును కొంటివని, అందఱు ఆకలితో పడుకొనవలసినదేయని పెదవి విరిచిరి. పండుగనాడు ఎద్దును కోయగా క్రొవ్వు కనబడినది, అందఱును కడుపునిండ తినిరి, అయినను నవ్వులాపలేదు. తరువాత పెద్దలు ఆయనకు విషయము విడమఱచి చెప్పిరి. ఎక్కువ మాంసము తెచ్చిన యువకుడు తాను గొప్పవాడననియు, తక్కినవారు తన సేవకులనియు తలపోయనారంభించును. అట్టి గర్వము ఒకనాడు ఎవరినో ఒకరిని చంపును. కావుననే అతని మాంసమును నిందించి అతని మనస్సును చల్లబఱతుము, అని. 1969లో ఆయన దీనిని వ్యాసముగా వ్రాసెను.

రాజులు, తలారులు, చెఱసాలలు లేని సమాజము నడచుటకు ఇట్టి కట్టుబాట్లే ఆధారము. పూసల దండయో, బాణమో దూరపు బంధువునకు కానుకగా ఇత్తురు. అతడు వెంటనే గాక కొన్నాళ్లకు వేరొకటి పంపును. ఈ మార్పిడికి హ్సారో అని పేరు. తన నేల ఎండినయేడు ఆ కానుక నడచిన దారినే కుటుంబము నడచి, ఆ బంధువు నీటివద్ద కొంతకాలము తలదాచుకొనును. రాత్రులందు స్త్రీలు చప్పట్లు చఱచుచు పాడగా, పురుషులు నిప్పుచుట్టును తెల్లవార్లు ఆడుదురు. ఒడలు తెలియని స్థితిలోనికి పోయిన వైద్యుడు చేతులుంచి రోగులకు స్వస్థత చేకూర్చును. పగలు వచ్చిన కలహములును చాలవరకు ఆ నిప్పువద్దనే చల్లారును.

ఇది స్వర్గమని చెప్పుట తప్పు. శిశుమరణములు అధికముగా నుండెడివి. ఎండు నెలలలో ఒడలు చిక్కెడివి. విషపు బాణములతో కొట్లాడుకొని చచ్చినవారును కలరు. కాని ఆ జీవితమునకు ఒక తూకము ఉండెను. ఆ తూకము నేలమీద ఆధారపడినది. నేల పోయిననాడు అదియును పోయినది.

నేల చేజారిన విధము

1652లో డచ్చి కంపెనీ కేప్ రేవున దిగినది. పశువుల మందలతో వలసదారులు లోపలికి చొచ్చినకొలది నీటిచెలమలు వారి వశమైనవి. వేటమృగములు తరిగినవి. ఆకలిగొన్న సాన్ ప్రజలు పశువులను పట్టిరి. దానికి ప్రతిగా పదునెనిమిదవ శతాబ్దమున సాయుధ దండులు బయలుదేరి, పురుషులను చంపి, పిల్లలను పొలముల పనికి పట్టుకొనిపోయినవి. కేప్ ప్రాంతపు ఖామ్ తెగవారు ఆ విధముగ తుడిచిపెట్టుకొనిపోయిరి. వారి భాష మిగిలినది కాగితములమీద మాత్రమే. 1870 ప్రాంతమున కేప్‌టౌన్‌లో శిక్షపడిన ఖామ్ ఖైదీలను విల్హెల్మ్ బ్లీక్ అను జర్మను భాషావేత్తయు, ఆయన భార్య సోదరి లూసీ లాయిడును తమ యింట నుంచుకొని, వారి కథలను, జ్ఞాపకములను వేల పుటలలో వ్రాసికొనిరి. 2000లో స్వేచ్ఛా దక్షిణాఫ్రికా తన రాజచిహ్నమును మార్చుకొన్నపుడు దానిమీది సూక్తిని ఈ ఖామ్ భాషలోనే వ్రాయించినది. భిన్నులైన ప్రజలు ఏకము కావలెనని దాని భావము. మాట్లాడువాడు ఒక్కడును మిగులని భాషలో ఒక దేశము తన ఐక్యతను చాటుకొనుచున్నది.

నమీబియాలో వేఱొక విధము. ఎటోషా మృగరక్షిత ప్రాంతమునుండి హైఓమ్ ప్రజలను 1954లో వెడలగొట్టిరి. చాలమంది తెల్లవారి పొలములలో కూలివారైరి. జుహోవాన్సి ప్రజలకు మిగిలిన భాగమును 1970లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము బుష్‌మన్‌లాండ్ అను పేర జాతివిభజన పథకమున చేర్చినది. అందులో వారి పాతనేల కొలది భాగమే. ఆ దశకముననే సైన్యము వచ్చి, జాడలు తీయు నేర్పరులను జీతములకు చేర్చుకొని, స్వాతంత్ర్యయోధులమీదికి నడిపినది. నాణెములు వచ్చినవి, వాటివెంట సారాయి, తగవులు, క్షయ వచ్చినవి. 1990లో నమీబియా స్వతంత్రమైనప్పుడు ఓడినపక్షమున నిలిచిన సాన్ సైనికులు, వారి కుటుంబములు సుమారు నాలుగువేలమంది దక్షిణాఫ్రికాకు తరలి, ఏండ్ల తరబడి గుడారములలో కాపురమున్నారు.

సరిగా ఆ కాలముననే, 1980లో, ఆకాశమునుండి పడిన సీసాను చూచి వింతపడు అమాయక వేటగాని చలనచిత్రము లోకమంతటను నవ్వులు పూయించినది. అందు నటించిన న్‌గావ్ నమీబియాకు చెందిన సాన్ జాతివాడే. తెరమీద డబ్బన్న ఎరుగని ప్రజలు. తెరవెనుక సైన్యపు జీతముమీద, కూలిమీద, రేషనుమీద బ్రదుకు ప్రజలు. ప్రపంచము మొదటివారిని ప్రేమించినది, రెండవవారిని చూడలేదు.

నీటికొఱకు దావా

నేటి వివాదమునకు కేంద్రము బోట్స్వానాలోని మధ్య కలహారి రక్షిత ప్రాంతము. సుమారు 52,000 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతమును 1961లో ఆంగ్లపాలనలో ఏర్పాటు చేసిరి. అందు వసించు గ్వి, గానా ప్రజల వేటభూములను కాపాడుటయు ఆనాటి ఉద్దేశములలో ఒకటి. కాలక్రమమున మృగములు మాత్రము జ్ఞప్తియందు మిగిలినవి; మనుషులు అడ్డముగా కనబడిరి. 1997లో ఒకసారి, 2002లో మఱియొకసారి ప్రభుత్వము వారిని వెలుపలి కాలనీలకు తరలించినది. 2002లో నీటి సరఫరా, రేషను, వైద్య సేవలు నిలిపివేసి, మోథోమెలో వద్దనున్న గొట్టపుబావిని మూయించినది.

ప్రభుత్వ వాదమును త్రోసిపుచ్చుట తగదు. 1966లో స్వతంత్రమైననాడు బోట్స్వానా ప్రపంచపు అతిపేద దేశములలో ఒకటి. మరుసటి యేడు వజ్రపు గనులు బయలుపడినవి. అనేక దేశములలో అట్టి సంపద కొందరి మూటలలోనికి పోగా, బోట్స్వానా బడులు, ఆసుపత్రులు, రోడ్లు కట్టినది. ప్రక్కనే దక్షిణాఫ్రికా జాతులను బట్టి మనుషులను విడదీయుచుండగా, తమ దేశమున పౌరులందరును సమానులే, ఏ తెగకును ప్రత్యేక నియమములు లేవని నిశ్చయించుకొన్నది. చెదరియున్న కొద్దిమందికి అడవి నడుమ బడియు, వైద్యమును అందించుట వ్యయసాధ్యమనియు, పశువులు, గుఱ్ఱములు, తుపాకులు వచ్చిన తరువాత వారి జీవనము మృగములకు హానికరమనియు వాదించినది. రక్షిత ప్రాంతమున గోపే వద్ద వజ్రములున్న మాట నిజము. తరలింపునకు అదియే కారణమని విమర్శకులనగా, కాదని ప్రభుత్వము చెప్పినది. 2014లో అచట గని తెరచిరి, 2017లో మూసిరి.

కాని సమానత్వము పేర అందరికిని ఒకే కొలత అంగీ కుట్టించినచో, అది ఎవరి కొలతయని అడుగవలసియుండును. రాయ్ సెసానా మొదలగువారు అదే ప్రశ్నను న్యాయస్థానము ముందుంచిరి. బోట్స్వానా చరిత్రలో అతి దీర్ఘమైనదిగా పేరొందిన ఆ వ్యాజ్యమున 2006 డిసెంబరు 13న ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు ప్రజల పక్షమున తీర్పు చెప్పిరి. వారు ఆ భూమిని న్యాయముగా అనుభవించుచుండిరనియు, వారి సమ్మతి లేక దానిని లాగికొనిరనియు నిర్ణయించిరి. సేవలను తిరిగి కల్పించుటకు మాత్రము ప్రభుత్వము బద్ధము కాదనిరి. దావాలో పేర్లున్నవారికే తీర్పు వర్తించునని ప్రభుత్వము దానిని కుదించి చెప్పినది. తక్కినవారు అనుమతి చీటీ లేనిది పుట్టినయూరికి పోరాదు.

గెలిచి తిరిగివచ్చినవారికి నీరు లేదు. మూసిన బావిని తమ ఖర్చుతోనే తెరచుకొందుమనినను అనుమతి రాలేదు. అదే రక్షిత ప్రాంతమున యాత్రికుల విడిదికి ఈతకొలను కట్టుకొనుటకు అడ్డు లేకపోయినది. 2010లో ఉన్నత న్యాయస్థానము వారి విన్నపమును కొట్టివేసినది. 2011 జనవరిలో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును త్రిప్పివేసి, దాహముతో నున్నవారికి నీరు త్రవ్వుకొను హక్కును కాదనుట మనిషిని కించపఱచుటయే యని స్పష్టము చేసినది. నీటికొఱకు నాలుగేండ్లు, శవమునకు మూడేండ్లు: అభివృద్ధి, పరిరక్షణ అను పెద్దమాటలను తూచుటకు ఈ రెండు లెక్కలు చాలును.

బడి ఎందుకు చేదైనది?

తరలింపును సమర్థించువారు మొదట చూపునది బడి. బడి అవసరము లేదని సాన్ తల్లిదండ్రులును అనరు. అయినను బోట్స్వానా, నమీబియాలలో చదువు మధ్యలో మానివేయు పిల్లలలో వీరే అధికులు. కారణములు ఉపాధ్యాయులు ఆలోచింపదగినవి. పసివాడు ఇల్లు విడిచి దూరపు వసతిగృహమునకు పోవలెను. అచట ఉపాధ్యాయుని భాష అతనికి తెలియదు. అతని భాష ఉపాధ్యాయునకు తెలియదు. తోటిపిల్లలు అతనిని వెక్కిరింతురు. అన్నిటికంటె మించినది బెత్తము. సాన్ తల్లిదండ్రులు పిల్లలను కొట్టుటను సహింపరు. ఎన్నడును దెబ్బ ఎరుగని బిడ్డ మొదటిసారి బడిలో దానిని చూచి, రాత్రికిరాత్రి ఇసుకలో మైళ్లకొలది నడచి ఇల్లు చేరిన సందర్భములు అనేకము. ఆ నడకను అజ్ఞానమనుట సులభము. దారి తెలియని చీకటిలో ఇల్లు చేరగల బాలునకు చదువు రాదనుట మాత్రము కష్టము.

నమీబియాలోని న్యాయ్‌న్యాయ్ ప్రాంతమున 1990 దశకమున వేఱొక ప్రయత్నము మొదలైనది. చిన్న చిన్న పల్లెబడులలో మొదటి మూడు తరగతులు జుహోవాన్సి భాషలోనే, ఆ ఊరివారే బోధింతురు. ఆ బడులలో పిల్లలు నిలిచిరి. చిక్కు నాలుగవ తరగతిలో వచ్చినది: త్సుమ్‌క్వే పట్టణపు బడికి, వసతిగృహమునకు పోవలసిరాగా చాలమంది మరల వెనుదిరిగిరి. తల్లిభాష వాకిలివరకే తోడువచ్చి, గడప వద్ద చేయి విడిచినచో ఏమగునో ఇందు కనబడుచున్నది.

మార్పు తమ చేతిలో నున్నచోట

అదే న్యాయ్‌న్యాయ్‌లో భూమి సంగతియును గమనింపదగినది. 1998లో సుమారు 9,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును అచటి ప్రజల యాజమాన్యమున సంరక్షణ మండలిగా నమీబియా ప్రభుత్వము గుర్తించినది. అచటివారు నేటికిని విల్లంబులతో చట్టబద్ధముగ వేటాడవచ్చును. వేటకు వచ్చు విదేశీయుల రుసుములు, పూసల పని, మందుదుంపల అమ్మకము వారికి కొంత ఆదాయము. కొందరు పశువులను పెంచుచున్నారు. కొందరు అడవి కాపలాదారులైరి. పలువురికి సెల్‌ఫోనులు కలవు. వేటయు కలదు, జీతమును కలదు. ఏది ఎంత కావలెనో వారే తేల్చుకొనుచున్నారు. కష్టములు లేకపోలేదు. ఆకలి పూర్తిగా పోలేదు. ఏనుగులు నీటితొట్లను విఱుగగొట్టును. క్షయ, తాగుడు బాధించుచున్నవి. 2009లో బయటి పశుపాలకులు కంచె తెంచి మందలతో చొరబడిరి. చట్టము కాగితముమీద ఉన్నంత గట్టిగా నేలమీద లేదు.

ఎరుకకును ఇదే నియమము వర్తించును. వేటయందు ఆకలిదప్పులు తెలియకుండుటకు సాన్ ప్రజలు నమలు హూడియా అను ముండ్లమొక్క సారమునకు దక్షిణాఫ్రికా ప్రభుత్వ పరిశోధన సంస్థ 1990 దశకమున పేటెంటు పొంది, మందుల కంపెనీలకు హక్కులిచ్చినది. ఎరుక ఎవరిదో వారికి ఒక్క మాట చెప్పలేదు. గగ్గోలు పుట్టిన పిదప 2003లో లాభములలో వాటా ఇచ్చుటకు ఒడంబడిక జరిగినది. మందు బజారునకు రానేలేదు గనుక డబ్బు పెద్దగా రాలేదు. కాని హక్కు స్థిరపడినది. 2019లో రూయిబోస్ తేయాకు వ్యాపారులు పంట ధరపై నూటికి ఒకటిన్నర వంతున ఖోయ్, సాన్ ప్రజలకు చెల్లించుటకు అంగీకరించిరి. 2017లో దక్షిణాఫ్రికా సాన్ సంఘములవారు తమపై పరిశోధన చేయవచ్చువారు పాటింపవలసిన నీతినియమావళిని తామే వ్రాసి ప్రకటించిరి. గౌరవము, నిజాయితీ, న్యాయము, ఆదరము, సరియైన పద్ధతి అనునవి అందలి సూత్రములు. శతాబ్దమునకు పైగా కొలతలు కొలిపించుకొని, ఛాయాచిత్రములు తీయించుకొన్న ప్రజలు, ఇప్పుడు కొలుచువానికి ప్రశ్నలు వేయుచున్నారు. ఆఫ్రికాలోని మూలవాసులలో ఇట్టి పని చేసిన మొదటివారు వీరే.

తెలుగువారికి ఈ కథ పూర్తిగా పరాయిది కాదు. బోట్స్వానా తీర్పు వెలువడిన రెండు దినములకే, 2006 డిసెంబరు 15న, మన లోక్‌సభ అటవీ హక్కుల చట్టమును ఆమోదించినది. నల్లమలలో తేనె, దుంపలు ఏరుకొను చెంచులకు పులుల రక్షిత ప్రాంతమున ఉండుటయా, వెలుపలికి పోవుటయా అను ప్రశ్న నేటికిని ఎదురగుచునేయున్నది. దేశములు వేరు, ప్రశ్న ఒకటి. అడవిని కాపాడుటకు దానిని ఎరిగినవారిని వెడలగొట్టుట తప్పనిసరియా?

దక్షిణాఫ్రికాలోని ఖోమనీ సాన్ ప్రజలకు 1999లో ప్రభుత్వము భూమిని తిరిగి ఇచ్చినది. వారి పూర్వుల నూ భాషను ధారాళముగా మాట్లాడగల చివరి వ్యక్తిగా పేరొందిన కత్రినా ఎసావ్ 1933లో జన్మించెను. చిన్ననాట ఆ భాష మాట్లాడినందుకు వెక్కిరింపులు పడిన ఆమె, ముసలితనమున తన యింటివద్దనే పిల్లలకు దానిని నేర్పనారంభించినది. 2014లో ప్రభుత్వము ఆమెను బిరుదుతో గౌరవించినది. 2021లో తాబేలు, నిప్పుకోడి కథ ఆ భాషలో పిల్లల పుస్తకముగా వెలువడినది. ఆమె వద్ద చేరిన పిల్లలు విల్లంబులు పట్టువారు కారు. పట్టణపు వీధులలో తిరుగువారు. వారు తిరిగి వేటగాండ్రు కావలెనని ఆమె కోరలేదు. చిటుకు ధ్వనులతో అంకెలు లెక్కపెట్టుట, పలకరించుట, మృగముల పేర్లు చెప్పుట నేర్పినది.

సాన్ ప్రజలు మారుదురా అను ప్రశ్నకు సమాధానము ఎప్పుడో వచ్చినది. వారు మారిరి, మారుచున్నారు. మారునపుడు తమ నేల, నీరు, నుడి తమవద్ద నుండునా యనునదే మిగిలిన ప్రశ్న. దానికి సమాధానము చెప్పవలసినవారు సాన్ ప్రజలు కారు. వారి చుట్టునున్న ప్రభుత్వములు, న్యాయస్థానములు, బడులు. మూడేండ్ల పిమ్మట ఇసుకలో పూడ్చబడిన ఆ వృద్ధుని సమాధి ఆ ప్రశ్నకు గుర్తుగా నిలిచియున్నది.